నా 104 కేజీలు, నా కీళ్లవాతం: స్లీవా, బైపాసా?

పోస్టు పెద్దది. బస్సులో ఉన్నవాళ్లు, వార్డెన్ కళ్లు కప్పి ఫోను చూస్తున్నవాళ్లు తర్వాత తీరిగ్గా చదువుకోండి.

మొన్న మన గ్రూపులో ఒక చెల్లి అడిగింది. "అక్కా, మా అమ్మకి షుగర్ ఉంది, బరువు చాలా ఎక్కువ. విశాఖలో ఆపరేషన్ చేస్తామంటున్నారు. స్లీవ్ మంచిదా, బైపాస్ మంచిదా?" అని. రెండు ముక్కల్లో జవాబు పెడదామని కూర్చున్నాను. మూడుసార్లు రాసి మూడుసార్లు చెరిపేశాను. ఎందుకంటే ఆ ప్రశ్నకి నేను ఏడాది తిరిగాను. నాకు దొరికిన జవాబు వాళ్లమ్మకి పనికిరాకపోవచ్చు. కానీ ఆ జవాబు ఎలా దొరికిందో చెబితే పనికొస్తుందేమో.

ముందు ఒక మాట. మనవాళ్లలో లావు గురించి మాట్లాడటం సిగ్గు. నేను ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి చదివేటప్పుడు నా బరువు 41 కేజీలు. ఏఎన్ఎం అమ్మ వచ్చినప్పుడల్లా కంటి రెప్ప కిందకి లాగి చూసి "రక్తం లేదే నీకు" అని ఐరన్ మాత్రలు చేతిలో పోసి వెళ్లేది. గిరిజన గుంట అంటే సన్నగా, రక్తం లేకుండా ఉండాలని ఆఫీసుల్లో ఒక లెక్క. మనకీ అదే లెక్క. అందుకే నేను 104 కేజీలు అయినప్పుడు ఊళ్లో అందరూ "గుంటకి ఉద్యోగం వచ్చింది, బాగా తింటుంది" అనుకున్నారు. నేను తిన్నది అన్నం కంటే మాత్రలే ఎక్కువ అని ఎవరికీ తెలీదు.

మాది చింతపల్లి వైపు కొండల్లో ఊరు. ఉద్యోగం సచివాలయంలో, కాపురం నర్సీపట్నంలో. నాకు 25 ఏళ్లప్పుడు, అంటే 2016 చలికాలంలో, పొద్దున లేచేసరికి చేతి వేళ్లు ముడుచుకునేవి కావు. జడ వేసుకోవడానికి అరగంట. లంబసింగి చలికి పట్టేసిందనుకుని అమ్మ ఇప్పనూనె కాచి రాసింది. తగ్గలేదు. నర్సీపట్నంలో ఎవరో చెప్తే ఒకాయన దగ్గరికి వెళ్లాను. డిగ్రీ ఏమిటో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. కాగితంలో పొట్లం కట్టి పేరు లేని చిన్న తెల్ల మాత్రలు ఇచ్చాడు. రెండో రోజుకి నొప్పి మాయం! దేవుడే అనుకున్నాను. రెండేళ్లు ఆ పొట్లాలు తిన్నాను.

మొహం గుండ్రంగా అయింది. మెడ వెనక మూపురంలా లేచింది. ఆకలి ఎలా ఉండేదంటే రాత్రి రెండింటికి లేచి చద్దన్నం తినేదాన్ని. 62 కేజీల నుంచి 90 దాటాను. తర్వాత షుగర్ వచ్చింది. అప్పుడు విశాఖలో కీళ్లవాతం డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన పొట్లం విప్పి చూసి, నా మొహం చూసి, "ఇది స్టెరాయిడమ్మా" అన్నాడు. రక్త పరీక్షల్లో రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అని తేలింది. మన శరీరం తన కీళ్లనే శత్రువనుకుని కొట్టుకునే జబ్బు. జీవితాంతం ఉంటుంది, అదుపులో పెట్టుకోవాలి, అంతే. స్టెరాయిడ్ కూడా ఒక్కసారి మానకూడదట. రెండేళ్లు బయట నుంచి పోసేసరికి ఒంట్లో తయారయ్యేది ఆగిపోయి ఉంటుంది, ఠక్కున మానేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదకి వస్తుంది. మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

మెథోట్రెక్సేట్ అనే మాత్ర మొదలుపెట్టారు. వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. నాది ఆదివారం. ఇది గట్టిగా చెప్తున్నాను: మీ ఇంట్లో ఎవరైనా ఈ మాత్ర వాడుతుంటే, చదువుకోని పెద్దవాళ్లయితే మరీ, రోజూ వేసేసుకుంటున్నారేమో చూడండి. రోజూ వేసుకుంటే మనిషి దక్కడు.

కీళ్లు కొంత అదుపులోకి వచ్చాయి. బరువు మాత్రం దిగలేదు. మోకాళ్లు నొప్పి కాబట్టి నడవలేను, నడవలేను కాబట్టి బరువు తగ్గదు, బరువు ఉంది కాబట్టి మోకాళ్లు నొప్పి.

ఇక ఆపరేషన్ ఆలోచన ఎలా వచ్చిందో చెప్పాలి. 2023 ఏప్రిల్‌లో ఇటుకల పండగకి ఊరెళ్లాను. మూడో రోజు మోకాలు గుమ్మడికాయలా వాచి, ఒళ్లు కాలిపోయే జ్వరం. మా ఊరికి రోడ్డు గెడ్డ అవతల వరకే. అక్కడి నుంచి మూడు కిలోమీటర్లు నడకే. డోలీ కట్టారు. మన గ్రూపులో డోలీ ఫొటోలు ఎన్నో చూసి ఉంటారు, షేర్ చేసి ఉంటారు, నేనూ చేశాను. లోపల పడుకుని చూస్తే అది వేరే. మామూలుగా ఇద్దరు ఎత్తి, మరో ఇద్దరు మార్చుకుంటారు. నాకు ఆరుగురు మారారు. మా రెండో మావ నవ్వించడానికి "ఒలమ్మా, ఇది గుంట కాదర్రా, రెండు కాఫీ బస్తాలు" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. గెడ్డ దాటుతుంటే మావ కాలు రాయి మీద జారింది. నన్ను మాత్రం పడనివ్వలేదు, తన మోకాలు రాయికేసి కొట్టుకున్నాడు. ఆయనకి అప్పటికే 58. తర్వాత నెలన్నర కుంటుకుంటూ తిరిగాడని అమ్మ ఫోనులో చెప్పింది. ఆ రోజు నుంచి నాకు అద్దం చూసుకుంటే గుర్తొచ్చేది నా మొహం కాదు, మావ మోకాలు.

2025 మొదట్లో విశాఖలో ఒక సర్జన్ దగ్గరికి వెళ్లాను. నా ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 104, బీఎంఐ 43. ఒక సంగతి తెలుసుకోండి. 2022లో అంతర్జాతీయ బేరియాట్రిక్ సర్జన్ల సంఘాలు కొత్త మార్గదర్శకాలు ఇచ్చాయి. బీఎంఐ 35 దాటితే వేరే జబ్బు ఉన్నా లేకపోయినా ఆపరేషన్ సిఫార్సు చేయొచ్చు. మన ఆసియా వాళ్లకి తక్కువ బరువులోనే షుగర్ లాంటివి వస్తాయి కాబట్టి 27.5 నుంచే ఆలోచించొచ్చు. అంటే నేను ఏ లెక్కన చూసినా గీత దాటి చాలా దూరం వెళ్లినదాన్నే.

మొదటి సర్జన్ "స్లీవ్ చేద్దాం, సింపుల్" అన్నాడు. ఇంకో ఆసుపత్రిలో ఇంకో సర్జన్ "షుగర్ ఉంది కదా, బైపాస్ చేయించుకో, షుగర్ మాత్ర కూడా పోవచ్చు" అన్నాడు. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరూ ప్యాకేజీ కాగితం ఇచ్చారు. ఇద్దరిలో ఎవరూ నా కీళ్ల మాత్రల చీటీ రెండో పేజీ తిప్పలేదు.

ఏది ఏమిటో నాకు అర్థమైనట్టు చెప్తాను. స్లీవ్ అంటే కడుపు సంచిలో దాదాపు ముప్పావు వంతు కోసి తీసేస్తారు. అరటికాయ ఆకారంలో గొట్టం మిగులుతుంది. తీసేసిన భాగం ఇక తిరిగి రాదు. ఆకలి పుట్టించే హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే, కాబట్టి ఆకలి కూడా తగ్గుతుంది. పేగుల జోలికి వెళ్లరు. బైపాస్ అంటే కడుపు పైభాగంలో కోడిగుడ్డంత చిన్న సంచి కట్టి, దానికి చిన్నపేగుని కిందనుంచి తెచ్చి కుడతారు. మిగతా కడుపు లోపలే ఉంటుంది కానీ అన్నం అటు వెళ్లదు. మినీ బైపాస్ అని ఇంకోటి ఉంది, రెండు అతుకుల బదులు ఒకటే. బైపాస్‌లో అన్నం పేగు మొదటి భాగాన్ని తప్పించుకుని వెళ్తుంది. ఐరన్, కాల్షియం ఎక్కువగా పీల్చుకునేది అక్కడే. బీ12 కూడా సరిగా అందదు. రక్తం తక్కువైన మన ఆడపిల్లలకి ఇది చిన్న విషయం కాదు. మాత్రలు జీవితాంతం వేసుకోవాలి.

ఇంట్లో వాళ్ల మాటలు వేరే. మా ఆడపడుచు "ఆర్తీ అగర్వాల్ గుర్తులేదా వదినా?" అంది. నిజమే, 2015 జూన్‌లో ఆవిడ అమెరికాలో పోయినప్పుడు, అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకున్నారని అన్ని పేపర్లలోనూ వచ్చింది. కానీ లైపోసక్షన్ అంటే చర్మం కింద కొవ్వుని గొట్టంతో లాగడం. కడుపుకీ పేగుకీ సంబంధం లేదు, అది షుగర్ తగ్గించేదీ కాదు. మా ఆయన ఇంకో వైపు, "గడ్కరీ చేయించుకుని ఎంత చలాకీగా తిరుగుతున్నాడో చూడు" అన్నాడు. ఒకరు సినిమా తార, ఒకరు కేంద్రమంత్రి. వాళ్లిద్దరికీ కీళ్లవాతం లేదు, ఊరికి గెడ్డ అడ్డం లేదు.

నేను బైపాస్ వైపే మొగ్గాను. ఎందుకంటే లెక్కలు చదివాను. అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్లు 150 మంది షుగర్ రోగుల మీద పరిశోధన చేసి ఐదేళ్ల ఫలితాలు 2017లో వేశారు. మూడు నెలల సగటు షుగర్ 6 శాతం లేదా అంతకంటే కిందకి వచ్చినవాళ్లు బైపాస్‌లో 100కి 29 మంది, స్లీవ్‌లో 23, మందులు మాత్రమే వాడినవాళ్లలో 5. పైగా స్లీవ్ తర్వాత గొంతులోకి పులుపు ఎగదన్నడం ఎక్కువని స్విట్జర్లాండ్ పరిశోధనలో ఉంది. అంతకుముందే ఆ బాధ ఉన్నవాళ్లలో స్లీవ్ తర్వాత దాదాపు మూడోవంతు మందికి అది ముదిరింది, బైపాస్ తర్వాత ముదిరింది 100కి ఆరుగురికే. కాగితం మీద బైపాస్ గెలిచేసింది. అడ్వాన్సు కట్టడానికి మా ఆయన బంగారం కూడా తాకట్టు పెట్టాడు.

కట్టే ముందు కీళ్ల డాక్టరుకి ఒకసారి చెప్పివద్దామని వెళ్లాను. ఆయన ఒకే ప్రశ్న అడిగాడు. "నొప్పి మాత్రలు నెలకి ఎన్ని వేసుకుంటున్నావు?"

"రెండో మూడో సార్" అన్నాను.

అబద్ధం. రోజూ ఒకటి. ఫీల్డు ఉన్న రోజు రెండు. ఎసిక్లోఫెనాక్ స్ట్రిప్పు నా హ్యాండ్‌బ్యాగులో దువ్వెన పక్కనే ఉంటుంది. సార్ తిడతాడని ఎప్పుడూ చెప్పలేదు. మా ఆయనకీ తెలీదు. ఆ గదిలో ఆయన పక్కనే కూర్చుని ఉన్నాడు. డాక్టరు చీటీ రాయడం ఆపి నా వైపు అలాగే చూశాడు. నేను బ్యాగు తెరిచి స్ట్రిప్పు బల్ల మీద పెట్టాను. సగం ఖాళీ.

ఆయన తిట్టలేదు. కాగితం మీద బొమ్మ గీశాడు. బైపాస్‌లో చిన్న సంచికి పేగు కుట్టిన చోట పుండు పడే ప్రమాదం ఉంటుందట. కడుపు గోడకి యాసిడ్‌ని తట్టుకునే పొర ఉంటుంది కానీ పేగుకి అది లేదు. ఈ జాతి నొప్పి మాత్రలు వేసుకుంటే ఆ పుండు ప్రమాదం బాగా పెరుగుతుంది. స్టెరాయిడ్ తోడైతే ఇంకా. పుండు నుంచి రక్తం కారొచ్చు, చిల్లు పడొచ్చు. "బైపాస్ చేయించుకుంటే ఇవి జీవితాంతం ముట్టకూడదు. పారాసెటమాల్ ఒక్కటే. నువ్వు ఉండగలవా?" అన్నాడు. ఇంకోటి కూడా అన్నాడు. పొగ తాగేవాళ్లకీ ఇదే ప్రమాదమని. (చెల్లీ, మీ అమ్మ గాని అడ్డపొగ పీలుస్తుంటే సర్జన్‌కి కచ్చితంగా చెప్పు. మా అమ్మ పీలుస్తుంది. చుట్ట అంటే సిగరెట్టు కాదు కదా అనుకుంటారు మనవాళ్లు.)

ఇంకా చాలా చెప్పాడు. నా షుగర్ సగం స్టెరాయిడ్ తెచ్చిన షుగర్ కాబట్టి అమెరికా లెక్కలు నాకు అలాగే వర్తించవు. బైపాస్ తర్వాత మాత్రలు ఒంటికి పట్టే తీరు మారుతుంది, గర్భం రాకుండా వేసుకునే మాత్రల మీద కూడా నమ్మకం పెట్టుకోకూడదు. ఏ ఆపరేషన్ అయినా తర్వాత ఏడాది, ఏడాదిన్నర గర్భం వద్దంటారు. నాకైతే మెథోట్రెక్సేట్ మీద ఉండగా గర్భం రానే కూడదు, బిడ్డకి అవకరాలు వస్తాయి. బరువు తగ్గితే గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది కాబట్టి ఇంకా జాగ్రత్త. మా అత్త రెండో బిడ్డ కోసం మొక్కుకుంటున్న రోజులు అవి. ఆ మాట వింటూ మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

బస్సులో మా ఆయన అనకాపల్లి దాకా మాట్లాడలేదు. తర్వాత "రోజూనా?" అన్నాడు. "రోజూ" అన్నాను. అంతే.

నర్సీపట్నం కాంప్లెక్సులో దిగి బెంచీ మీద కూర్చున్నాం. చింతపల్లి బస్సు ఎక్కేవాళ్లు సామాన్లు పెడుతున్నారు. అప్పుడు నాకు లెక్క వేరేగా కనబడింది. ఏ ఆపరేషన్‌తో ఎన్ని కేజీలు తగ్గుతానని కదా ఇన్నాళ్లూ చూశాను. ఏ ఆపరేషన్ తేడా కొడితే రాత్రి పూట ఎక్కడ ఉంటానని చూడలేదు. ఊళ్లో ఉండగా పుండు చిల్లు పడితే? డోలీ, గెడ్డ, ఘాట్, నర్సీపట్నం, అక్కడి నుంచి విశాఖ ఎనభై కిలోమీటర్ల పైనే. నన్ను మళ్లీ మావలే మోయాలి. డోలీ తప్పించుకోవడానికి వెళ్లి డోలీనే కొనుక్కున్నట్టు అవుతుంది.

పండగలకి ఊరు మానేస్తే సరిపోతుందిగా అని మీరు అనొచ్చు. ఒకామె అంది కూడా. నేను మానను.

అదే నెలలో ఇంజెక్షన్ల గోల మొదలైంది. 2025 మార్చిలో మౌంజారో మన దేశంలోకి వచ్చింది. వారానికి ఒక సూది, కోత లేదు. మొదట్లో చిన్న డోసు సీసా 3,500, దాని పై డోసు 4,375 రూపాయలు. నెలకి నాలుగు. నా జీతంలో సగం. ఆపేస్తే బరువు చాలావరకు తిరిగొస్తుందంటున్నారు. సీసాలు ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. డబ్బున్నవాళ్లకి, కోత వద్దనుకున్నవాళ్లకి మంచి దారే, నేను కాదనను. నాకు కుదరలేదు.

స్లీవ్ ఖాయం చేసే ముందు ఎండోస్కోపీ చేయించమని కీళ్ల డాక్టరే చెప్పాడు. అన్నవాహిక కింద పుండు గానీ, కడుపు పైకి జారిన హెర్నియా గానీ ఉంటే స్లీవ్ కూడా నాకు పనికిరాదు. గొట్టం మింగడం నరకం, చెప్పకుండా ఉండలేను. ఏమీ లేదు, కడుపులో బ్యాక్టీరియా ఒకటి ఉందని రెండు వారాలు మందులిచ్చారు. స్టెరాయిడ్‌ని 5 మిల్లీగ్రాములకి దించారు, ఎక్కువ డోసులో ఉంటే కుట్లు సరిగా మానవట. మెథోట్రెక్సేట్ ఆపాలా వద్దా అన్నది సర్జన్, కీళ్ల డాక్టరు ఫోనులో మాట్లాడుకుని తేల్చారు. వాళ్లిద్దరూ మాట్లాడుకునేలా చేయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులే నేను చేసిన అసలు పని అనుకుంటాను.

ఇక్కడే సికిల్‌సెల్ సంగతి కూడా చెప్పేస్తాను. మన హాస్టళ్లలో, ఊళ్లలో ఆ పరీక్షలు జరుగుతున్నాయి కదా, 2023 జూలైలో కేంద్రం పెట్టిన మిషన్ అదే. మీకు గాని, ఇంట్లోవాళ్లకి గాని ఆ కార్డు ఉంటే ఏ ఆపరేషన్‌కైనా ముందు చూపించండి. ఒంట్లో నీరు తగ్గినా, ఆక్సిజన్ తగ్గినా, చలి పట్టినా వాళ్లకి నొప్పుల దాడి వస్తుంది. ఈ ఆపరేషన్ల తర్వాత మొదటి వారాల్లో నీళ్లు గుక్కెడు గుక్కెడు తప్ప దిగవు.

2025 ఆగస్టులో స్లీవ్ అయింది. రెండు వారాలు నీళ్లు, మజ్జిగ, పలచటి పప్పుకట్టు. తర్వాత మెత్తటివి. అమ్మ చూడ్డానికి వచ్చి టీ గ్లాసులో సగం చోడి అంబలి నేను గంటసేపు తాగడం చూసి "ఇంత తిని బతుకుతావేటే గుంటా?" అని ఏడ్చింది. మూడో నెలలో జుట్టు దువ్వెనకి కుచ్చులు కుచ్చులుగా వచ్చింది. నవంబరులో చలికి కీళ్లు తిరగబెట్టాయి. చేతులు పనిచేయక చొక్కా గుండీలు కూడా మా ఆయనే పెట్టాడు. స్లీవ్ కదా, నొప్పి మాత్ర వేసుకోవచ్చనుకున్నాను. అలా పప్పులు తిన్నట్టు తినడానికి కాదు, డాక్టరు చెప్పినన్ని రోజులే, కడుపు మాత్రతో కలిపి, అది కూడా ఆరు రోజులే ఇచ్చారు. నేను ఎన్ని వేసుకున్నానో ఇప్పుడు క్యాలెండర్ మీద గీత పెడతాను. మా ఆయన లెక్కపెడతాడు. ఆ సంగతి నాకు నచ్చదు, కానీ ఆపమనలేను.

రాత్రి ఎగదన్నుడు మొదలైంది. అవును, చదివినదే వచ్చింది. తలగడ ఎత్తు పెంచి, పాంటాప్రజోల్ వేసుకుని పడుకుంటున్నాను. అది ముదిరితే స్లీవ్‌ని బైపాస్‌గా మార్చాల్సి రావొచ్చని సర్జన్ ముందే చెప్పాడు. అంటే అప్పుడు మళ్లీ ఇదే ప్రశ్న, ఇదే స్ట్రిప్పు. ఇప్పటికి 81 కేజీలు. షుగర్ మాత్ర ఒకటి తగ్గింది, ఒకటి ఉంది. స్టెరాయిడ్ ఇంకా పోలేదు.

కాబట్టి చెల్లీ, మీ అమ్మకి కీళ్ల జబ్బు లేదు, నొప్పి మాత్రలు లేవు, పొగ లేదు, షుగర్ పాతది, ఎగదన్నుడు ఉంది అనుకో, నాకు వద్దన్న బైపాసే ఆమెకి మంచిది కావొచ్చు. నువ్వు సర్జన్ దగ్గరికి వెళ్లే ముందు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, దిండు కింద దాచినవి కూడా, ఒక సంచిలో వేసి పట్టుకెళ్లు. థైరాయిడ్ మాత్ర కూడా. అమ్మ చెప్పినది కాదు, సంచిలో ఉన్నది చూపించు.

ఈ ఏప్రిల్‌లో ఇటుకల పండగకి వెళ్లాను. గెడ్డ అవతల ఆటో దిగేసరికి రెండో మావ, ఇంకో ఇద్దరు కుర్రాళ్లు కర్ర, దుప్పటి పట్టుకుని ఉన్నారు. అమ్మ చెప్పకుండానే పంపిందట, అవసరం పడుతుందేమోనని. నడుస్తానన్నాను. మూడు కిలోమీటర్లకి గంటా నలభై నిమిషాలు పట్టింది, ఎనిమిది చోట్ల కూర్చున్నాను. కుర్రాళ్లు విసుక్కున్నారు. మావ దుప్పటి మడిచి భుజాన వేసుకుని, నేను ఆగిన చోటల్లా ఆగి చుట్ట వెలిగించుకున్నాడు. గెడ్డలో దిగినప్పుడు చెయ్యి అందించాడు. ఆయన ఇప్పటికీ ఎడమ కాలు కొంచెం ఈడుస్తున్నాడు.

"నొప్పేటా మావా?" అన్నాను.

"నీకో?" అన్నాడు.